నడవమని చెప్పడం ఎలా?

"పొద్దున్నే లేచి నాలుగడుగులు నడవండి" - ఈ మాట చెప్పని డాక్టరు లేడు. చెవిన పడని రోగీ లేడు. పాటించినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

మా నాన్నగారికి చక్కెర వ్యాధి వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఈ మాటే అన్నాం. అమ్మ బతిమాలింది. అన్నయ్య కోప్పడ్డాడు. నేను పత్రికల్లో వచ్చిన వ్యాసాలు కత్తిరించి ఆయన పడక్కుర్చీ చేతిమీద పెట్టేదాన్ని. ఆయన అన్నిటికీ "అలాగేనమ్మా" అనేవారు. లేచేవారు కాదు. అంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తలకెక్కదేం అని నాకు ఒళ్ళు మండేది. ఆయన పోయిన చాలా ఏళ్ళకి గాని, ఈ 'చెప్పడం' అనే విద్యకి కూడా ఒక చరిత్ర ఉందని నాకు తెలియలేదు.

ఆ జబ్బుకి నడకే మందనడం నిన్నా మొన్నటి మాట కాదు. ప్రమేహం వచ్చిన బీదవాడు చెప్పులూ గొడుగూ లేకుండా, బిచ్చమెత్తుకు తింటూ, ఊరికొక్క రాత్రి చొప్పున ఉంటూ, మునిలా వంద యోజనాలు నడవాలన్నాడు సుశ్రుతుడు. అంటే కొన్ని వందల మైళ్ళన్నమాట! అంత కఠినంగా శాసించిన ఆయనే, మామూలు మనిషి వ్యాయామం దగ్గరికొచ్చేసరికి బలంలో సగం వరకే చెయ్యమన్నాడు. మనసెరిగిన వైద్యుడే. కాని రోగి "నావల్ల కాదండీ" అంటే ఏం చెయ్యాలో?

రాయలవారికి మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాసిపెట్టాడు - కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులెత్తి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవాడట! యుద్ధానికి వెళ్ళాల్సిన మనిషికి కారణం ఎదురుగా ఉంటుంది. పడక్కుర్చీలో కూర్చున్న పెన్షనరుకి ఏ కారణం చూపిస్తాం?

"ఇదిగో రుజువు" అన్నాడు లండన్ డాక్టరు జెర్రీ మోరిస్. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో ఆ రోజుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్లకోసం మెట్లెక్కి దిగుతూనే ఉండేవాడు. కండక్టర్ల కంటే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని 1953లో ఆయన లెక్కలతో సహా ప్రకటించాడు. ఆయన తొంభై తొమ్మిదేళ్ళు బతికాడు లెండి. కాని రుజువు చూసి లోకమంతా కుర్చీ వదిలి లేచిందా? లేదు. 1965లో జపానువారు నడుముకి కట్టుకునే యంత్రం అమ్మారు. పేరు 'మాన్పోకే' - పదివేల అడుగుల మీటరు అని అర్థం. ఇవాళ మన సెల్‌ఫోన్లు జపించే పదివేల మంత్రం అక్కడిదే. అంకె ఉత్సాహమున్నవాడికి హుషారిస్తుంది. లేనివాడి యంత్రం బీరువాలో పడుకుంటుంది.

అసలు కిటుకు వ్యాయామశాలలో పుట్టలేదు, తాగుడు మాన్పించేచోట పుట్టింది! 1982లో విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త నార్వేలోని బెర్గెన్‌లో ఉన్నాడు. తాగుబోతుని నిలదీసి ఒప్పించాలని అమెరికాలో చాలామంది నమ్మే రోజులవి. అక్కడి కుర్ర మనస్తత్వవేత్తలు తామే రోగుల వేషం వేసి ఆయనతో మాట్లాడుతూ, మధ్యలో ఆపి, ఈ ప్రశ్నే ఎందుకడిగారు, ఆ మాటనే ఎందుకు పట్టుకున్నారు అని నిలదీశారు. జవాబు వెతుక్కుంటే ఆయనకే తెలిసొచ్చింది - తను వాదించడం లేదు, మారాలన్న మాట రోగి నోటనే వచ్చేట్లు వింటున్నాడు. 1983లో ఆ సంగతి వ్యాసంగా అచ్చయింది. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం రాశాడు. 'మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్' అని పేరు. తర్వాత తర్వాత ఆ పద్ధతి పథ్యానికీ, వ్యాయామానికీ పాకింది. ఇవాళ వ్యాయామం నేర్పేవాళ్ళకి చెప్పే పాఠాల్లో ఇదీ ఒకటి.

సూత్రం చిన్నదే. అవతలివాణ్ణి సరిదిద్దాలన్న మన తొందరే మొదటి శత్రువు. మనం "నడవాలి" అన్నకొద్దీ అతను "ఎలా కుదురుతుంది?" అంటూనే ఉంటాడు. అంటూ అంటూ తన మాట తనే నమ్ముతాడు. అందుకని సలహా ఇచ్చేముందు ఇవ్వమంటారా అని అడగాలి. నడక నీకెంత ముఖ్యం, పదిలో ఎంతంటావని అడగాలి. మూడంటే "పది ఎందుక్కాదు?" అనకూడదు. అంటే సాకులు వస్తాయి. "సున్నా ఎందుక్కాదు?" అనాలి. అప్పుడు కారణాలొస్తాయి.

ఇది చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారు ఒకసారి, "ఒక్కణ్ణీ ఏం నడుస్తానే? మాట్లాడుకుంటూ నడిచినవాళ్ళంతా వెళ్ళిపోయారు" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "అవన్నీ సాకులు నాన్నా!" అన్నాను. అది సాకు కాదు, తలుపు. నేనే మూసేశాను. చెప్పులేసుకుని ఆయన పక్కన నాలుగడుగులు వేస్తే సరిపోయేదేమో.

మొన్న మావారినీ డాక్టరు నడవమన్నారు. నోటిదాకా వచ్చిన ఉపన్యాసం మింగేసి, "ఏమండీ, నడక మీకెంత ముఖ్యం? పదిలో ఎంత?" అన్నాను.

"రెండు" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

"సున్నా ఎందుక్కాదు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పేపరు మడిచి, "మామయ్యగారిని చూశానుగా" అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున వసారాలో ఆయన చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడైంది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. వస్తే ఏదో ఒకటి చెప్పేస్తానని భయం!