నవంబర్ 1 గడువు

దోస్తయేవ్‌స్కీ కష్టాలు చెప్పేవారు సాధారణంగా వధ్యస్థలంతో మొదలుపెడతారు. 1849 డిసెంబర్‌లో పీటర్స్‌బర్గ్‌లోని సెమ్యోనోవ్ మైదానంలో మరణశిక్ష చదివి, తుపాకులు ఎక్కుపెట్టాక జారు చక్రవర్తి శిక్ష తగ్గించాడన్నారు. తర్వాత ఓమ్‌స్క్‌లో నాలుగేళ్లు సంకెళ్లు. మరువరాని ఘట్టమే. అయితే ఆయన కలం వేగాన్ని శాసించింది మాత్రం అప్పేనని నాకనిపిస్తుంది.

1864లో మూడు నెలల లోపే భార్య మరియా, అన్న మిఖయిల్ పోయారు. అన్నదమ్ములు నడిపిన 'ఎపోక్' పత్రిక మరుసటి ఏడు మూతపడింది. అన్న బాకీలను తమ్ముడు కావాలనే నెత్తికెత్తుకున్నాడు. బాకీ ఉందంటూ వచ్చినవాళ్లకు, అది నిజమో కాదో ఆరా తీయకుండానే తన పేర నోటు రాసిచ్చాడు.

ఆ నోట్లలో కొన్నిటిని ప్రచురణకర్త స్తెల్లోవ్‌స్కీ ఇతరుల చేత కారుచౌకగా కొనిపించాడు. 1865లో ఆయన రచనల హక్కులకు మూడు వేల రూబుళ్లిచ్చి, చాలా భాగం ఆ నోట్ల కిందే తిరిగి రాబట్టుకున్నాడు. ఉచ్చు ఒప్పందంలో ఉంది: 1866 నవంబర్ 1లోగా కొత్త నవల అందకపోతే, తొమ్మిదేళ్లపాటు దోస్తయేవ్‌స్కీ రచనలన్నీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చు.

'నేరము-శిక్ష' ధారావాహికతోనే ఆ ఏడాది గడిచింది. అక్టోబర్ వచ్చినా కొత్త నవల మొదలుకాలేదు. తలా ఒక భాగం రాసిపెడతామన్నారు మిత్రులు. పరుల రాతకు తన పేరు పెట్టుకోనన్నాడు. చివరికి 4వ తేదీన అన్నా స్నిట్‌కినా అనే ఇరవయ్యేళ్ల షార్ట్‌హ్యాండ్ విద్యార్థిని గుమ్మంలోకి వచ్చింది. రాత్రి తాను సిద్ధం చేసుకున్నది పగలు చెప్పేవాడు. ఆమె ఇంటికెళ్లి సాపు రాసి తెచ్చేది. ఇరవై ఆరు రోజుల్లో 'జూదరి' పూర్తయింది. రూలెట్ బల్ల దగ్గర చేతులు కాల్చుకున్నవాడు కనుక వస్తువు కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

తీరా ఇవ్వబోతే స్తెల్లోవ్‌స్కీ ఊళ్లో లేడు! రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోవలసి వచ్చింది.

1867 ఫిబ్రవరిలో అన్నాను పెళ్లాడాడు. అప్పులవాళ్లకు జడిసి ఇద్దరూ విదేశాలకు వెళ్లి నాలుగేళ్లు అక్కడే గడిపారు. ఆమె నగలు రూలెట్ కోసం తాకట్టుకు పోయాయి. జెనీవాలో పుట్టిన తొలి బిడ్డ సోన్యా మూడు నెలలకే కన్నుమూసింది. 1871లో తిరిగొచ్చాక అప్పులవాళ్లతో బేరాలు అన్నాయే ఆడింది. 1873లో భర్త నవలను సొంతంగా అచ్చువేసి, ఇంటి నుంచే పుస్తకాల దుకాణాలకు అమ్మింది. మిఖయిల్ నాటి బాకీలు పూర్తిగా తీరేసరికి దోస్తయేవ్‌స్కీకి మిగిలిన ఆయువు ఇంచుమించు ఒక్క ఏడాది.