గొలుసు వచ్చాక మొదలైన గుంజులాట

అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని పొద్దున్నే కాలవగట్టు మీదికి పెంపుడు కుక్కను తిప్పడానికి తెచ్చేవాళ్ల బాధ ఇంచుమించు ఒకటే. గేటు తీయగానే కుక్క ఉరుకుతుంది. మెడపట్టీ గొంతుకు బిగిసి రొప్పుతున్నా ముందుకే లాగుతుంది. ఎదురుగా ఊరకుక్కో, గేదెల మందో, మోటారు సైకిలో కనిపిస్తే వెనక్కాళ్ల మీద లేచి మొరుగుతుంది. దీన్ని కొందరు జాతి లక్షణం అంటారు, కొందరు గారాబం అంటారు, కొందరు నాలుగు తగిలిస్తే సర్దుకుంటుందంటారు. ఈ మూడూ తప్పేనని నా అభిప్రాయం. ఈ గుంజులాట కోనసీమ ఇళ్లు మారిన తీరులోంచి పుట్టింది. ఆ మార్పేమిటో తెలిస్తే కుక్కను నెమ్మదిగా నడిపించే దారి కూడా అందులోనే దొరుకుతుంది.

గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న ఈ నేలకు ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు, బోదెలు నలుమూలలా విస్తరించాయి. కాలవగట్లే దారులయ్యాయి. ఇళ్లు కొబ్బరి తోటల నడుమ ఉండేవి. చుట్టూ తాటాకు దడో, కొబ్బరి మట్టల దడో తప్ప గోడ ఉండేది కాదు. మడీ ఆచారమూ పాటించే ఇళ్లలో కుక్కకు గడప లోపల చోటు లేదు. దాని స్థానం అరుగు కింద, పశువుల పాక పక్కన, తోటలో మకాం దగ్గర. మిగిలిన అన్నం దానికి పడేది, రాత్రి దింపు కాయల రాశి దగ్గర అది కాపలా పడుకునేది. పలుపు పశువులకే గాని కుక్కకు లేదు. అలా పెరిగిన పిల్ల మూడు నెలలు నిండేసరికి బాతుల గుంపునూ, గేదెలనూ, గుడి గంటనూ, రేవులో బట్టలుతికే చప్పుడునూ, పక్కింటి కుక్కనూ అన్నిటినీ చూసేసి ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ప్రచురించిన గ్రంథంలో తేల్చిందిదే: సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం లోపల పరిచయమైనది కుక్కకు లోకంలో భాగమైపోతుంది. ఆ వయసులో తారసపడనిది తర్వాత ఎదురైతే భయమో, ఆవేశమో పుడుతుంది. మన పాత ఊళ్లలో ఎవరూ ఏమీ నేర్పకుండానే ఈ చదువు పూర్తయ్యేది.

పాత పద్ధతిని నేను ఆకాశానికెత్తుతున్నానని ఎవరైనా అనవచ్చు. ఆ స్వేచ్ఛకు జనం కట్టిన మూల్యం పెద్దదే, దాన్ని దాచకూడదు. పిచ్చికుక్క కరిస్తే మందు లేని కాలం అది. మద్రాసు రాజధానిలో కూనూరు పాశ్చర్ సంస్థ 1907లో మొదలయ్యాక కూడా గోదావరి లంకల నుంచి నీలగిరి కొండల దాకా వెళ్లగలిగినవాళ్లెందరు? తర్వాత టీకా ఊళ్లకు వచ్చినా, బొడ్డు చుట్టూ 14 సూదులంటే పెద్దవాళ్లే వణికిపోయేవారు. గొర్రె మెదడుతో చేసే ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివర్లో గాని ఆగలేదు. ఇవాళ 216వ నంబరు జాతీయ రహదారి అమలాపురం, రాజోలు మీదుగానే పోతోంది. ఆ దారి పక్కన కుక్కను వదిలేయమని చెప్పడం దానికీ, బండి మీద వచ్చేవాడికీ ద్రోహం. పట్టీ ఉండాల్సిందే, టీకా వేయించాల్సిందే. ఆ పాత ఊరి కుక్క దగ్గర మనం నేర్చుకోవలసింది దాని తిరుగుడు కాదు, దాని పెంపకంలో ఉన్న పరిచయం.

దడి పోయి ప్రహరీ వచ్చాక ఆ పరిచయం తెగింది. గల్ఫ్ సంపాదనతో, వరి కొబ్బరి రాబడితో లేచిన డాబాలకు గోడలూ ఇనుప గేట్లూ వచ్చాయి. గేటు వెనక పామరేనియన్, ఆల్సేషియన్, ఆ తర్వాత లాబ్రడార్ చేరాయి. 2003లో టీవీలో వచ్చిన ఒక ఫోన్ కంపెనీ ప్రకటన చూసి పగ్‌ను హచ్ కుక్క అని పిలవడం ఇంటింటికీ అలవాటైంది. ఆ ప్రకటనలో కుక్కకు గొలుసే లేదని, పిల్లవాడి వెనకాల అది తనంతట తాను నడిచిందని మాత్రం కొన్నవాళ్లకు గుర్తులేదు. అలా కొన్న కుక్కపిల్ల మన ఇంటికొచ్చింది సరిగ్గా లోకాన్ని చూడవలసిన వారాల్లో. ఆ వారాలు గోడ లోపల, గొలుసు చివర గడిచిపోయాయి. రోజుకు ఇరవై మూడు గంటలు కట్టేసి ఉంచి, మిగిలిన గంటలో బయటికి తెస్తే అది ఉరకకుండా ఎలా ఉంటుంది? ఈ అన్యాయాన్ని మన చట్టం ఎప్పుడో గుర్తించింది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, ఎప్పుడూ గొలుసుతోనో ఇరుకులోనో ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడాన్ని 11వ సెక్షన్‌లో నేరంగా చేర్చింది. కుక్కను తిప్పడం యజమాని సరదా కాదు, బాధ్యత.

జాతి లక్షణమనే మాట కూడా నిలవదు. లాబ్రడార్‌ను పెంచిందే వేటగాడి పక్కన కిమ్మనకుండా కూర్చుని, పంపినప్పుడే నీళ్లలోకి దూకి పక్షిని తెచ్చేందుకు. ఆల్సేషియన్ మూలం జర్మనీ గొర్రెల కాపరుల కుక్కలు. 1899 నుంచి స్టెఫానిట్జ్ అనే జర్మన్ దాన్ని ఒక జాతిగా నిలబెట్టాడు. చేలగట్ల వెంట రోజంతా తిరుగుతూ గొర్రెలు పంటలో పడకుండా చూడటం వాటి పని. ఓర్పు వాటి రక్తంలోనే ఉంది. ఆ ఓర్పుకు తగ్గ పని, నడక మన వరండాలో లేవు, అంతే.

ఇక దెబ్బల సంగతి. గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో రెండు కుక్కల కథలున్నాయి. జనమేజయుడి తమ్ముళ్లు యాగశాల దగ్గర సరమ కొడుకును అకారణంగా కొడితే, ఆ తల్లి వచ్చి నిలదీస్తుంది. రాజుకు ఆ మాట భయమై వెంటాడుతుంది. రెండో కథలో అడవిలో ఎన్నడూ చూడని ఏకలవ్యుణ్ణి చూసి పాండవుల వెంట వచ్చిన కుక్క మొరుగుతుంది, అతడు దాని నోటిని బాణాలతో నింపేస్తాడు. విలువిద్య గొప్పదే, కానీ ఆ కుక్కకు నోరు మూతపడింది తప్ప బెరుకు తీరలేదు. ముళ్ల పట్టీతో, బెత్తంతో సాధించేదీ ఇదే. 1910లో కొన్రాడ్ మోస్ట్ రాసిన జర్మన్ శిక్షణ గ్రంథం బలవంతం మీద చాలా ఆధారపడింది, సైన్యాలు దాన్ని అనుసరించాయి కూడా. పని జరిగిందన్నది నిజమే. అయితే అంతకంటే మంచి దారి పావ్లోవ్ ప్రయోగశాలలోనే కనిపిస్తుంది. ఒక కుక్క పట్టీలతో కట్టే బల్ల మీద ఎంతకీ కుదురుగా నిలవలేదు. దాన్ని కొట్టలేదు. తిండి మొత్తం ఆ బల్ల మీదే పెట్టసాగారు. మొదట సరిగ్గా తినక చిక్కిపోయింది, మెల్లగా తినడం మొదలుపెట్టి, చివరికి నెమ్మదించింది. కట్టు మీద జంతువుకుండే తిరుగుబాటును స్వేచ్ఛా ప్రతిచర్య అని ఆయన 1927లో ఆంగ్లంలో వెలువడిన ఉపన్యాసాల్లో వివరించాడు.

కోనసీమ రైతుకు ఈ ఓపిక కొత్త కాదు. కోడెను కాడికి మరపాలంటే పనికి అలవాటు పడిన ఎద్దు పక్కన కడతాడు, ముందు ఖాళీ కాడి, ఆ తర్వాతే బరువు. తొలిరోజే బండి కట్టి సంతకు తోలడు. కుక్క విషయంలో మాత్రం తొలిరోజే గేటు తీసి నేరుగా గడియార స్తంభం సెంటరుకు నడిపిస్తున్నాం. ముందు పెరట్లో పట్టీ వేసి, తాడు వదులుగా ఉన్నప్పుడే అడుగు వేయాలి, బిగిసిన క్షణం ఆగాలి. లాగితే దారి సాగదని దానికి తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో ఇంట్లో ఒకరు ఆగి, ఇంకొకరు లాగనిస్తే నేర్చింది పోతుంది. ఊరకుక్క కనబడితే దాని మీదికి తీసుకుపోకుండా, చూసినా ఇంకా మొరగనంత దూరంలో నిలబడి, చూసినందుకు ఒక ముక్క పెట్టి, ఆ దూరాన్ని రోజురోజుకీ తగ్గించాలి. ఇంత తీరిక ఎవరికుందంటారు. నాలుగు మైళ్లు గుంజులాడుతూ నడవడం కన్నా పావుగంట ఇలా నడవడం తక్కువ పనే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, ఆ బాణసంచా జనసందోహంలోకి, ఎంత మరిగిన కుక్కనైనా తీసుకుపోకూడదు. దింపుకీ దింపుకీ మధ్య మనుషులు మెదలని కొబ్బరి తోటలు మాత్రం ఇంకా ఉన్నాయి. తోటవాళ్లను అడిగి, ఛాతీ పట్టీకి పది గజాల తాడు కట్టి, బోదె వెంట అది ఆగినచోటల్లా వాసన చూసుకోనిస్తూ నడిపించడానికి అంతకన్నా మంచి చోటు ఈ మూడు పట్టణాల్లోనూ లేదు.