ప్రయోగశాల నుంచి పక్షుల దాకా

బడి మైదానంలో నిలబడి శేషాచలం కొండల్ని రోజూ చూసినవాళ్ళం మనం. వాటిని తీరిగ్గా చూడటానికి మాత్రం చాలామందికి రిటైరయ్యే దాకా కుదరలేదు. అలాంటి మిత్రుల కోసమే అమెరికా శాస్త్రవేత్త ఎలియట్ పోర్టర్ కథ.

1901లో పుట్టిన పోర్టర్ బడి వయసులోనే చిన్న కెమెరాతో పక్షుల్ని ఫొటోలు తీసేవారు. హార్వర్డ్‌లో కెమికల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత వైద్యం చదివి, అక్కడే జీవరసాయన శాస్త్రం బోధిస్తూ పరిశోధన చేశారు. చిన్ననాటి సరదా మాత్రం వదల్లేదు. 1938 చివర్లో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తన గ్యాలరీలో ఆయన ఫొటోల ప్రదర్శన పెట్టారు. మరుసటి ఏడాదే, నలభైకి దగ్గరపడిన వయసులో, పోర్టర్ ఉద్యోగం మానేశారు. రంగుల ఫొటోలు అరుదైన ఆ రోజుల్లో పక్షుల్ని రంగుల్లో తీశారు. ఐస్‌లాండ్, గాలాపగోస్, అంటార్కిటికా తిరిగారు.

కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ లోయను కూడా ఫొటోలు తీశారు. 1963లో అక్కడ ఆనకట్ట గేట్లు మూశారు. ఆయన ఫొటోల పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. లోయ మునిగిపోయింది, ఫొటోలు మిగిలాయి.

మన కొండల్లో బంగారు బల్లి ఉంది, ఎర్రచందనం ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు రాతి పొరల నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ళ ఎడం ఉంది. మన మనవల నాటికి ఏది మిగులుతుందో చెప్పలేం. మిత్రులారా, సెల్‌ఫోన్‌తోనైనా సరే, ఫొటో తీయండి. తేదీ, చోటు రాసి మన బడికి పంపండి.