అధికారిక అభ్యర్థి ఓటమి: 1969 రాష్ట్రపతి ఎన్నిక అంకెల్లో ఏముంది?

రాష్ట్రపతి ఎన్నికను నడిపే 54, 55 అధికరణాల్లో రాజకీయ పార్టీ ప్రస్తావనే లేదు. బ్యాలెట్ మీద గుర్తు ఉండదు. ఓటు రహస్యం. పార్టీలు విప్ జారీ చేయకూడదని ఎన్నికల సంఘం చెబుతూనే ఉంటుంది. అయినా అభ్యర్థిని ప్రకటించేది పార్టీలే. పాలక పక్షం ప్రకటించిన పేరే ఖాయమని మనమూ ముందే అనేసుకుంటాం. ఆ ధీమా తప్పిన ఎన్నిక 1969 ఆగస్టులో జరిగింది. అధికారంలో ఉన్న పార్టీ అధికారిక అభ్యర్థి రాష్ట్రపతి పదవికి ఓడిపోవడం ఇప్పటివరకూ ఆ ఒక్కసారే. ఓడిన నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. గెలిచిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు.

కథ అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. మే 3న జాకిర్ హుస్సేన్ మరణించడంతో ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. జూలైలో బెంగళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డులో నలుగురు సంజీవరెడ్డి పేరు బలపరిచారు. ఇందిరాగాంధీ కోరుకున్న జగ్జీవన్ రామ్‌కు రెండే ఓట్లు వచ్చాయి. వారం తిరక్కుండానే ఆమె మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఆ ఆర్డినెన్స్‌పై సంతకం చేసిన గిరి, ఆ మర్నాడే పదవి వదిలి స్వతంత్రుడిగా బరిలోకి దిగారు. సంజీవరెడ్డి అప్పటికి లోక్‌సభ స్పీకర్. ఆయనా రాజీనామా చేశారు.

ఇక్కడ ఒక కాగితం దగ్గర కాస్త ఆగాలి. సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై ప్రతిపాదకురాలిగా సంతకం చేసింది ఇందిరాగాంధీయే. బోర్డులో ఓడిన నాయకురాలు పార్టీ నిర్ణయానికి తలవంచినట్టు ఆ సంతకం చెబుతోంది. తర్వాత కొన్ని వారాలకే అదే అభ్యర్థికి ఓటేయమని విప్ ఇవ్వడానికి ఆమె నిరాకరించారు. సభ్యులు అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయాలన్నారు. పార్టీ నామినేషన్ అంటే చట్టం దృష్టిలో ఆ సంతకం వరకే. ఆ తర్వాతదంతా రాజకీయం.

ఆమెకు ఆ సాకు చేతికిచ్చింది కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్పే. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయించాలని నిజలింగప్ప ఆ పార్టీల నాయకులతో మాట్లాడారు. కాంగ్రెస్ పెద్దల వర్గమైన సిండికేట్ మితవాదులతో చేతులు కలిపిందన్న ఆరోపణ గుప్పుమంది. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్వేచ్ఛగా ఓటేసే హక్కు కావాలన్నారు. సంజీవరెడ్డిని ముంచింది ఈ మంతనాలేనని చరిత్రలు రాస్తాయి. అంకెలు మాత్రం అంత సూటిగా ఆ మాట చెప్పవు.

చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవాలంటే 4,18,169 కావాలి. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మిగతా అభ్యర్థులకు వచ్చింది నామమాత్రం. వాళ్లందరినీ, చివరికి దేశ్‌ముఖ్‌నూ తొలగించి ఓట్లు బదిలీ చేశాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 తేలాయి. అంటే బదిలీకి వచ్చిన సుమారు 1,21,000లో 91,879 సంజీవరెడ్డికే చేరాయి. నాలుగింట మూడు వంతులు! నిజలింగప్ప బేరం అక్షరాలా ఫలించింది. బయటివాళ్లు మాట నిలబెట్టుకున్నారు. దెబ్బ తగిలింది మొదటి ప్రాధాన్యాల్లో, అంటే ఇంటిలోపల.

అదెంత దెబ్బో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షాల తరఫున నిలబడ్డ కోకా సుబ్బారావు (ఆయనా తెలుగువారే) 3,63,971 తెచ్చుకున్నారు. కాంగ్రెస్ అభ్యర్థి జాకిర్ హుస్సేన్‌కు వచ్చినవి 4,71,244. సంజీవరెడ్డి మొదటి ప్రాధాన్యాలు ఆ అంకెకు 1,57,696 తక్కువ. సుబ్బారావు ఓట్లలోంచి దేశ్‌ముఖ్‌కు వచ్చినంత తీసేసి, మిగిలిన ప్రతిపక్షమంతా గిరికే వేసిందనుకున్నా, ఆయన అంకెకు ఇంకా లక్షన్నర కావాలి. రెండు వైపుల నుంచి లెక్క వేసినా దాదాపు ఒకే చోటికి చేరుతున్నాం: పాత కాంగ్రెస్ ఓటులో మూడో వంతు గిరి వైపు జారింది. ఇది ఉజ్జాయింపు మాత్రమే. మధ్యలో ఉత్తరప్రదేశ్, బీహార్, పంజాబ్, పశ్చిమ బెంగాల్ శాసనసభలకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. జాకిర్ హుస్సేన్‌కు కాంగ్రెసేతరుల ఓట్లూ కొన్ని పడి ఉండవచ్చు. ఓటు రహస్యం గనుక ఎవరు జారారో పేరుపెట్టి చెప్పే దారి లేదు.

ఈ లెక్కనే తిప్పి చదివితే మరో సంగతి తెలుస్తుంది. ప్రధానమంత్రి బహిరంగంగా కాదన్న అభ్యర్థికి కూడా మూడింట రెండు వంతుల పార్టీ ఓటు నిలిచింది. అప్పుడు ఎంపీ ఓటు విలువ 576. తుది తేడా 14,650. పదముగ్గురు ఎంపీలు ఇటు నుంచి అటు మారి ఉంటే సంజీవరెడ్డి అప్పుడే రాష్ట్రపతి. కాబట్టి పార్టీ ముద్ర పనికిరాదని 1969 నిరూపించిందనడం అతి. ముద్ర వేసిన చేయి, రేపు టికెట్లు పంచబోయే చేయి వేరైతే ఆ ముద్ర గట్టెక్కించలేదు, అంతే. నవంబరులో కాంగ్రెస్ చీలినప్పుడు లోక్‌సభలోని కాంగ్రెస్ ఎంపీల్లో అత్యధికులు ఇందిర వెంటే వెళ్లారు. చాలామంది అంతరాత్మలకు ఆగస్టులోనే గాలివాటం తెలిసిపోయిందని నా అనుమానం.

ఎన్నిక సుప్రీంకోర్టుకూ ఎక్కింది. సంజీవరెడ్డిపై నీచమైన రాతలతో సంతకం లేని కరపత్రం ఎంపీల మధ్య తిరిగిందన్నది ప్రధాన ఫిర్యాదు. 1970లో పదవిలో ఉండగానే గిరి కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషన్లను కోర్టు కొట్టేసింది.

1977లో సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతాకు దక్కింది అదొక్కటే. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురై, ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మనిషి మారలేదు. ఈసారి కాంగ్రెస్ కూడా ఆయనను ఎదిరించలేదు.

ఆ తర్వాత పార్టీలు అభ్యర్థిని ఎంచే తీరులో ఒక జాగ్రత్త కనబడుతుంది. సొంత ఓట్లను కాపాడుకోవడంతో సరిపెట్టుకోకుండా ఎదుటి శిబిరం కాదనలేని పేరు వెతుకుతున్నాయి. 2007లో శివసేన ఎన్డీఏలో ఉంటూనే మహారాష్ట్రకు చెందిన ప్రతిభా పాటిల్‌కు ఓటేసింది. 2022లో కాంగ్రెస్ మిత్రపక్షమైన జార్ఖండ్ ముక్తి మోర్చా, ఆదివాసీ మహిళ అయిన ద్రౌపదీ ముర్మును వదులుకోలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో బద్ధవిరోధులైన వైసీపీ, తెలుగుదేశం రెండూ ఆమెకే వేశాయి. ఎన్డీఏ సొంత బలం సగానికి కొద్దిగా తక్కువే అయినా, లెక్కింపు ముగిసేసరికి ముర్ముకు 64 శాతం వచ్చింది.