కాన్పూరు లిబరేటర్లు: ఒక జీర్ణోద్ధరణ కథ

శిథిలమైన ఆలయమును మరల నిలబెట్టు పనికి మన పెద్దలు జీర్ణోద్ధరణ మని పేరిడిరి. క్రొత్త గుడి కట్టువాడు తన యిచ్చ వచ్చినట్లు కట్టును. జీర్ణోద్ధరణ చేయువాడు మాత్రము మొదటి శిల్పి మనసు నెరిగి, చెదరిన రాళ్లను వాని వాని చోటులలో నిలుపవలెను. ఈ పని రాతి కట్టడములకే పరిమితము కాదు. పాత యుద్ధ విమానములకును జీర్ణోద్ధరణ కలదు. అట్టివానిలో మన దేశమున జరిగినది, లోకమునకు మిక్కిలి మేలు చేసినది, మనలో చాలమంది వినియుండనిది ఒకటి గలదు. దానినే మేము ఈ ప్రసంగమున వివరింపబూనితిమి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో లిబరేటరు అను బాంబరు విమానము తయారయ్యెను. నాలుగు ఇంజన్లు, 110 అడుగుల రెక్క, చాల దూరము పోగల శక్తి దాని లక్షణములు. 18,000కు పైగా లిబరేటర్లు కర్మాగారముల నుండి వెలువడినవి. వానిలో కొన్నింటిని బ్రిటిషు వైమానిక దళము మన దేశమున నిలిపి, బర్మాలోని జపాను సేనలపై ప్రయోగించెను. 1945లో యుద్ధము ముగిసినది. ఆ విమానములు అమెరికా ఎరువుగా నిచ్చినవి. ఒడంబడిక ప్రకారము వానిని తిరిగి యీయవలెను, లేదా నాశనము చేయవలెను. తిరిగి కొనిపోవుట ఖర్చుతో కూడిన పని గనుక వానిని కాన్పూరు విమానాశ్రయమునకు చేర్చి పాడుచేసిరి. పైరేకులను చీల్చి, పరికరములను పగులగొట్టి, ఇంజన్లలో ఇసుకయు మట్టియు పోసిరని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన వాయుసేనకు పెద్ద బాంబర్లు కావలసివచ్చెను. క్రొత్తవి కొనుటకు ధనము చాలదు. అపుడు బెంగుళూరులోని హిందుస్థాన్ ఏర్‌క్రాఫ్ట్ సంస్థపై అందరి దృష్టియు పడినది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహాయముతో నెలకొల్పిన ఈ సంస్థను యుద్ధకాలమున అమెరికా సైన్యము తన విమానముల మరమ్మతునకు వాడుకొనెను. అందుచేత ఇచటి మెకానికులకు అమెరికా యంత్రముల మర్మములు చేతికి వచ్చియుండెను. వారు 1948లో కాన్పూరు వెళ్లిరి. ఒకదాని రెక్కభాగము, మరియొకదాని చక్రము, వేరొకదాని ఇంజను తీసి, ఎగురుటకు చాలినంత మాత్రము బాగుచేసిరి. జంషెడ్ మున్షీ అను టెస్టు పైలటు అట్టి విమానములను ఒక్కొక్కటిగా బెంగుళూరునకు నడిపించుకొనిపోయెను. ఇట్లు చేరినవి నలుబదికి పైమాటయే. అచట వానిని పూర్తిగా చక్కబరచిరి. 1948 నవంబరు నాటికే వాయుసేన 5వ స్క్వాడ్రను లిబరేటర్లతో ఏర్పడినది.

ఈ పని ఎంత కష్టమో గ్రహించుటకు ఇంజను సంగతి కొంత తెలియవలెను. లిబరేటరు ఇంజనులో 14 సిలిండర్లు రెండు వరుసలుగా, చక్రపు ఆకులవలె చుట్టును అమరియుండును. దాని శక్తి 1,200 అశ్వబలము. ఒక విమానమునకు నాలుగు ఇంజన్లు గనుక మొత్తము 56 సిలిండర్లు. సిలిండరునకు రెండేసి చొప్పున 112 స్పార్కు ప్లగ్గులు. ఇట్టి యంత్రములోనికి పిడికెడు ఇసుక పోయినచో అది నూనెతో కలిసి బేరింగులను గీచివేయును. పైపైన కడిగిన ప్రయోజనము లేదు. ప్రతి భాగమును విడదీసి, కడిగి, కొలిచి, క్రాంకుషాఫ్టునకు కంటికానని పగుళ్లున్నవేమో పరీక్షించి, మరల కూర్పవలెను.

కూర్చిన పిమ్మటను జాగ్రత్త తప్పదు. ఇంజను ఆగియున్నపుడు నూనె క్రమముగా క్రింది సిలిండర్లలోనికి దిగును. గాలి అణగునుగాని ద్రవము అణగదు. ఆ స్థితిలో ఇంజనును తటాలున నడిపినచో లోని కడ్డీ వంగిపోవును. అందుచేతనే ముందుగా ప్రొపెల్లరును చేతులతో నెమ్మదిగా త్రిప్పి చూచెదరు. చాలకాలము నడుపక భద్రపరచునపుడు సిలిండర్లలో రక్షణ తైలము చల్లి, స్పార్కు ప్లగ్గుల చోట తేమను పీల్చు సిలికా జెల్లు నింపిన ప్లగ్గులను బిగింతురు. నీలముగానున్న ఆ రవలు గులాబిరంగునకు తిరిగినచో తేమ చేరినదని తెలిసికొని మార్తురు. ఇక విమాన శరీరమునకు శత్రువు తుప్పు. అల్యూమినియము ఉక్కుతో కలిసిన చోట తడి తగిలినచో తెల్లని పొడివంటిది పుట్టి లోలోపల లోహమును తినివేయును. రంగు నిగనిగలాడుచుండగనే క్రింది రేకు డొల్లయై యుండవచ్చును.

ఇట్లు ప్రాణము పోసికొన్న లిబరేటర్లు ఇరువది యేండ్లు మనకు సేవచేసినవి. 1951 నుండి 6వ స్క్వాడ్రను వానిని సముద్రముపై గస్తీకి వాడెను. 1968 చివర వానికి విశ్రాంతి లభించినది. అప్పటికి ఇతర దేశములన్నియు వానిని ఏనాడో విడిచిపెట్టెను. యుద్ధానంతరము అమెరికాలో వేలకొలది విమానములను కొలుములలో కరగించి లోహము తీసికొనిరి. అందుచేత లిబరేటరు కావలెనన్న మ్యూజియములు భారతదేశమునకు రావలసివచ్చెను. కెనడాకు ఒకటి, అమెరికాలోని అరిజోనాకు ఒకటి, బ్రిటనుకు ఒకటి ఇచటినుండియే వెళ్లినవి. ఢిల్లీ పాలములోని వాయుసేన మ్యూజియమున ఒకటి నిలిచినది. మన దేశమున చాలకాలము మూలబడియున్న మరియొకటి 1981లో ఇంగ్లండు చేరి, 1984లో అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషను వారి వశమైనది. వారు తొలుత దానిని కదలక నిలుచు ప్రదర్శన వస్తువుగా నుంచదలచిరి. లిబరేటర్లలో యుద్ధము చేసిన వృద్ధ సైనికులు అది ఎగురవలెనని కోరిరి. ఆ కోరిక నెరవేరి 1989లో అది మరల ఆకాశమున కెక్కెను.

ఎగురవలెనా, నిలిచియుండవలెనా అను ఈ ప్రశ్న పాత విమానములను కాపాడు వారందరిని వేధించునదే. ఎగిరించినగాని యంత్రమును నడుపు విద్య నిలువదని ఒక పక్షము. ఎగిరినది పడినచో వస్తువును మనుష్యులును పోవుదురని రెండవ పక్షము. 2019 అక్టోబరు 2వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమున అదే సంస్థకు చెందిన బి-17 విమానము కూలి ఏడుగురు మరణించిరి. రెండు ఇంజన్ల మాగ్నెటోలలో లోపములున్నవనియు, సంరక్షణ సరిగా జరుగలేదనియు విచారణలో తేలినది. ఎగిరించువారు నిత్యము శ్రద్ధ వహింపవలెనని, అది చేతకానిచో నిలుపుటయే ధర్మమని మా అభిప్రాయము.

మన వాయుసేన కొన్నింటిని ఎగిరించుచునే యున్నది. 2018లో రాజీవ్ చంద్రశేఖర్, డకోటాలు నడిపిన తన తండ్రి ఎం.కె. చంద్రశేఖర్ పేర, ఒక పాత డకోటాను బ్రిటనులో బాగుచేయించి వాయుసేనకు బహూకరించెను. అది తన రెక్కలపైననే భారతదేశమునకు వచ్చినది. దానికి పరశురామ అని నామకరణము చేసి, 1947 అక్టోబరు 27న శ్రీనగరమున సైనికులను దింపిన డకోటా సంఖ్యనే యిచ్చిరి. డకోటా ఇంజను లిబరేటరు ఇంజను జాతికి చెందినదే. 1948లో బెంగుళూరున ఎరిగిన విద్య నేటికిని పనికివచ్చునదని దీనివలన తెలియుచున్నది.

సముద్రపు గస్తీ మాట వచ్చినది గనుక ఆంధ్ర తీరమును తలచుకొందము. నౌకాదళమున 1988 నుండి 29 ఏండ్లు ఆ పనియే చేసిన టీయూ-142 విమానమును 2017 డిసెంబరులో విశాఖపట్టణము బీచిరోడ్డున మ్యూజియముగా ప్రారంభించిరి. బాలురు దాని కడుపులోనికి పోయి చూచి ఆనందించుచున్నారు. అయితే అది నిలిచిన చోట రేయింబవళ్లు ఉప్పుగాలి వీచుచుండును. పైన చెప్పిన తెల్లని పొడికి ఇంతకంటె అనువైన తావు లేదు. కడుగుట, ఆరబెట్టుట, సందులు వెదకుట, రంగు పూయుట అను పనులు ఏడాదికొక ఉత్సవముగా గాక దినచర్యగా సాగినపుడే అది మన మనుమలకు దక్కును.

కడపట ఒక మాట. విదేశములలోని మన లిబరేటర్లు నేడు ఎక్కువగా అమెరికా, బ్రిటను, కెనడా చిహ్నములతో నిలిచియున్నవి. యుద్ధమున అవి పనిచేసినది ఒకటి రెండేండ్లు. మన సేవలో నున్నది ఇరువది యేండ్లు. ఆ ఇరువది యేండ్ల చరిత్ర రంగు పూత క్రిందికి పోయినది. పైలటు పేరు గ్రంథములలో దొరకుచున్నది గాని, ఇసుక నిండిన ఇంజన్లను విప్పిన ఫిట్టర్ల పేర్లు సామాన్యముగా కానరావు. ఆనాటివారి ఇండ్లలో పనిపుస్తకములు, పటములు, పనిముట్లు ఇంకను మిగిలియుండవచ్చును. వానిని సేకరించి, విమానము ప్రక్కనే అద్దాల పెట్టెలలో నుంచుటకు మ్యూజియముల వారు పూనుకొనవలెను. పనిచేసిన చేతుల జ్ఞాపకమును కాపాడనిదే ఈ జీర్ణోద్ధరణ పూర్తికాదు.