ఫొటోలో తేదీ, జైల్లో రెండోవాడు

డార్క్‌రూమ్‌లో ఒక ఫొటోను పెద్దది చేస్తున్నారు. పోలీస్ స్టేషన్‌లోకి నడుస్తున్న ముద్దాయి, సాక్షి, వాళ్ల వెనకాల పేపర్లు అమ్మే కుర్రాడు. క్షమాభిక్ష బోర్డు పెద్దలు చూస్తుండగానే, మందు నీళ్లలో తడుస్తున్న కాగితం మీద ఆ కుర్రాడి చేతిలోని పత్రిక తేదీ మెల్లగా తేలుతుంది. గుర్తింపు పరేడ్‌కు ముందు ముద్దాయిని చూడనే లేదన్న సాక్షి మాట అక్కడితో వీగిపోతుంది. హెన్రీ హాతవే తీసిన ‘కాల్ నార్త్‌సైడ్ 777’ పతాక సన్నివేశం ఇది. విలేకరి మెక్‌నీల్ వేషంలో జేమ్స్ స్టివార్ట్. ఎన్నోసారి చూస్తున్నా నాకు ఆ నిమిషాల్లో గుండె దడదడలాడుతుంది.

ఈ సినిమాకు ఆధారమైన నిజమైన కేసును తేల్చింది మాత్రం ఫొటో కాదు. 1932 డిసెంబరు 9న షికాగోలో, దొంగచాటుగా మద్యం అమ్మే ఓ దుకాణంలో విలియం లండీ అనే పోలీసును కాల్చి చంపారు. జో మైచెక్, థియొడోర్ మార్సిన్‌కీవిచ్‌లకు చెరో 99 ఏళ్ల జైలు పడింది. ఆధారమల్లా దుకాణం నడిపే వీరా వాలుష్ సాక్ష్యమే. మొదట ఆమె మైచెక్‌ను గుర్తుపట్టలేదు. పోలీసులు బెదిరించాకే వేలు చూపింది.

మైచెక్ తల్లి టిల్లీ ఆఫీసుల్లో నేల తుడిచే పనిమనిషి. ఏళ్ల తరబడి మోకాళ్ల మీద కూర్చుని బండలు రుద్ది, సెంటూ సెంటూ పోగేసి 5,000 డాలర్లు కూడబెట్టింది. అసలు హంతకులను పట్టిస్తే ఆ సొమ్ము ఇస్తానని 1944 అక్టోబరులో ‘షికాగో టైమ్స్’లో చిన్న ప్రకటన వేయించింది. ఆ ప్రకటనతో విలేకరి జేమ్స్ మెగ్వైర్ కదిలాడు, జాక్ మెక్‌ఫాల్ కథనాలు రాశాడు. సినిమా ఈ ఇద్దరినీ కలిపి ఒక్క మెక్‌నీల్‌ను చేసింది. తల్లిని మాత్రం మార్చలేదు. విలేకరి వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె నేల తుడుస్తూనే ఉంటుంది. నా దృష్టిలో సినిమాకు ప్రాణం ఆ దృశ్యమే. ఫొటో మాయ దాని తర్వాతే.

1945 ఆగస్టులో మైచెక్‌కు క్షమాభిక్ష దొరికింది, తర్వాత 24,000 డాలర్ల పరిహారమూ అందింది. సినిమాలో అతని పాత్ర జైలు గేటు దాటి కొడుకును చేరుకోవడంతో కథ ముగుస్తుంది. తెర మీద ఆ గేటు తెరుచుకున్న 1948లో మార్సిన్‌కీవిచ్ ఇంకా లోపలే ఉన్నాడు. అతను బయటికి వచ్చింది 1950లో.