ఫైర్‌వాల్ తలుపు తెరిచి ఉంటే

మనం రోజుకి పదిసార్లు ఫైర్‌వాల్ అంటాం. ఇది అసలు ఫైర్‌వాల్ కథ.

జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ 1800లో ఎడింబరోలో పుట్టాడు. 1824లో ఆ ఊరి ఫైర్ సర్వీసుకి అధిపతి అయ్యాడు. తాపీ మేస్త్రీలనీ, వడ్రంగులనీ, పైకప్పులు వేసేవాళ్ళనీ ఏరి తీసుకున్నాడు. ఇల్లు కట్టడం తెలిసినవాడికే అది ఎటు కూలుతుందో తెలుస్తుంది కదా! వీధిలో నిలబడి నీళ్ళు చల్లితే లాభం లేదు, లోపలికెళ్ళి మంట మొదలైన చోటే కొట్టాలి అన్నది ఆయన పద్ధతి. (మన డీబగ్గింగూ అంతేగా!)

1833లో లండన్‌కి మారాడు. అక్కడ ఫైర్ సర్వీసు ప్రభుత్వానిది కాదు, ఇన్సూరెన్స్ కంపెనీలది. థేమ్స్ ఒడ్డున ఉన్న గోదాములు ప్రమాదమని ఆయన ముందే హెచ్చరించాడు.

1861 జూన్ 22న టూలీ స్ట్రీట్‌లో ఒక గోదాము అంటుకుంది. మంట పక్క గోదాముకి పాకకుండా మధ్యలో గోడలున్నాయి, వాటికి ఇనుప తలుపులూ ఉన్నాయి. కానీ ఆ రోజు తలుపులు వేయలేదంటారు. పత్తి, జనపనార, కొవ్వు... ఇంకేం కావాలి? అలిసిపోయిన తన మనుషులని చూసుకుంటూ తిరుగుతున్న బ్రెయిడ్‌వుడ్ మీద గోడ కూలింది. శవం దొరకడానికి రెండు రోజులు, మంట పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది.

ఇన్సూరెన్స్ కంపెనీలు నష్టం చూసి బెదిరిపోయి, ఇక మావల్ల కాదు, మీరే చూసుకోండని ప్రభుత్వానికి చెప్పేశాయి. 1865లో చట్టం వచ్చింది, 1866 నుంచి లండన్‌కి ప్రభుత్వ ఫైర్ సర్వీసు. సర్వర్ కుప్పకూలాక బడ్జెట్ శాంక్షన్ అయినట్టు! ఎడింబరోలో ఆయన విగ్రహం మాత్రం 2008 దాకా పెట్టలేదు.